కిందికెల్లి చదివిన శుభలేఖ

కొత్త ఫోన్ కొన్నాక పాతదాన్లోని నంబర్లన్నీ అందులోకి వచ్చి పడ్డాయి. మొన్న ఎవరి కోసమో వెతుకుతుంటే తెర మీద మావాళ్ల పేర్లు నాలుగు ఒకదాని కింద ఒకటి కనిపించాయి: కుర్మన్న, కుర్మప్ప, కుర్మమ్మ, కుర్మయ్య. ఈ వరస కోసం మా ఇంట్లో ఒకప్పుడు పెద్ద లొల్లే జరిగింది. ఫోన్ మాత్రం ఎవరినీ అడక్కుండా కానిచ్చేసింది.

మామూలుగా నేను మావాళ్లను పేర్లు పెట్టి రాయను, వరసలతోనే నెట్టుకొస్తాను. ఇక్కడ మాత్రం పేర్లు లేకపోతే కుదరదు. మా నాయనమ్మకు ప్రతి కాన్పుకూ కురుమూర్తి స్వామికి మొక్కుకోవడం అలవాటు. పుట్టిన నలుగురికీ ఆ దేవుడి పేరే పెట్టి, తోకలు మాత్రం మార్చింది. పెద్దనాయన కుర్మయ్య, తర్వాత మేనత్త కుర్మమ్మ, ఆ తర్వాత మా నాయన కుర్మప్ప, ఆఖరున చిన్నాయన కుర్మన్న. అమరచింతలో మా వాకిట్లో ఎవరైనా "కుర్మా" అని కేకేస్తే ఇంట్లో ఉన్నవాళ్లంతా బయటికొచ్చేవాళ్లు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా చెల్లెలి పెళ్లి కుదిరింది. శుభలేఖలో ఆహ్వానించేవాళ్ల పేర్లలో ముందెవరిది? పెద్దనాయన తన వయసు చూపించాడు. వనపర్తిలో ఎరువుల దుకాణం నడిపే చిన్నాయన, వచ్చే జనమంతా తన మొహం చూసి వచ్చేవాళ్లేనన్నాడు. విసిగిపోయిన నాయన, అప్పుడే బడిపంతులునైన నా వైపు తిరిగి, "బడిల హాజరు పిలిచినట్లు అక్షరాల వరసల ఏయిరా, లొల్లి ఉండది" అన్నాడు. "ఎట్ల ఏసినా పెద్దోడు పెద్దోడే గద, ఏయి" అని పెద్దనాయన మాటిచ్చేశాడు. బడి మానేసి చాలా కాలమైంది కాబట్టి అక్షరాల వరస ఎటు పోతుందో ఆయన ఆలోచించలేదు.

ఆ సాయంత్రం అత్త బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండా, "అల్లుడా, ఆ కాయిదంల నా పేరు గూడ పడ్తదా?" అంది. చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింటికొచ్చిన మనిషి. మా అమ్మ పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది ఆమే. భర్త లేని ఆడమనిషి పేరు శుభలేఖలో వేసే ఆనవాయితీ మాలో లేదు. ఆమె అడిగిన తీరుకు నాకు చాలా బాధేసింది. నాయన పేరుకూ పెద్దనాయన పేరుకూ మధ్య ఆమె పేరు రాసి ప్రెస్సులో ఇచ్చొచ్చాను.

వనపర్తి నుంచి ప్రూఫు కాగితం వచ్చింది. పెద్దనాయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆయన పేరు అందరికంటే కింద ఉంది. చిన్నాయన మీసాల్లో నవ్వుకుంటున్నాడు.

"చెల్లె పేరు ఎవలు ఏయమన్నరు?" అనడిగాడు పెద్దనాయన.

వంటింట్లో చాట చప్పుడు ఆగింది. "నేనే ఏసిన పెద్దనాయనా. తీసెయ్యమంటె తీసేస్త" అన్నాను. ఆయన కాగితం నా చేతిలో పెట్టి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. తీయమనలేదు, ఉంచమనలేదు. ఇక పెళ్లికే రాడనుకున్నాం. "నా పేరు తీసెయ్యి అల్లుడా, అన్న రాకుంటె ఎట్ల?" అని అత్త బతిమాలింది. నేను వినలేదు.

కార్డులు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చి, కట్ట చంకన పెట్టుకుని, "గద్వాలకు పోదాం పా" అన్నాడు. అక్కడ మొదటి ఇంట్లో శుభలేఖ చేతికిచ్చి ఊరుకోకుండా, అద్దాలు పెట్టుకుని, పేర్ల అట్టడుగున వేలుంచి చదవడం మొదలుపెట్టాడు. "కుర్మయ్య. చెల్లె కుర్మమ్మ. తమ్ముడు కుర్మప్ప. చిన్నోడు కుర్మన్న. అచ్చోళ్లు తలకిందులు కొట్టిన్రు, కిందికెల్లి సదువుకోవాలె."

కింది నుంచి చదివితే అది మా నాయనమ్మ కన్న వరసేనని నాకు అప్పుడుగానీ తట్టలేదు. నాగర్‌కర్నూల్ దాకా ప్రతి గడపలోనూ అదే చదువు. ఇంటికొచ్చి చెబితే, "నా పేరు అన్ననే సదివిండా?" అని అత్త మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది.

పెద్దనాయన ఇప్పటికీ ఫోన్ ఎత్తగానే నా మీద అరుస్తాడు. నాయనా, చిన్నాయనా కులాసాగానే ఉన్నారు. అత్త నంబరుకు చేస్తే మాత్రం ఎత్తేవాళ్లు లేరు. తీసేద్దామని దాని మీద వేలు పెట్టి కూడా తీయలేకపోయాను. అక్షరాల వరసా కాదు, పుట్టిన వరసా కాదు, కాలం వచ్చి మధ్యలోంచి పిలుచుకుపోయింది.