కుళ్ళాయప్పన్న ఎత్తి చూడని డబ్బాలు

మా వీధి మలుపులో ఆగే లారీల ముందు నీళ్లు నింపిన కాన్వాసు సంచి వేలాడుతూ ఉంటుంది. తడి గుడ్డ వాసనా పెట్రోలు వాసనా కలిసి ముక్కుకు తగిలితే చాలు, కూరగాయల బేరం సగంలో వదిలేసి నిలబడిపోతాను. నన్ను ఎరిగినవాళ్లకు అదెంత పెద్ద సంగతో తెలుసు. ఆ వాసన కుళ్ళాయప్పన్నది. మీరు ఆయన్ను చూడలేదు. చూసి ఉండవలసింది.

కుళ్ళాయప్పన్న మా హిందూపురంవాడే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎడారి దేశాల్లో మిలిటరీ లారీలు నడిపాడు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఒక జీపును బెంగళూరు వేలంపాటలో కొని, ఆరునెలలు దాని కిందే పడుకుని బాగుచేశాడు. అది మొదటిసారి గర్జించిన రోజే ప్రయాణం ప్రకటించాడు. పెనుకొండ కొండ మీద ఒక రాత్రి గుడారం, తరువాత ధర్మవరం మీదుగా పోయి కణేకల్లు ఇసుక దిబ్బల్లో రెండు రాత్రులు. ముందు సీట్లు రెండే, వెనకంతా సామాను. ఆ రెండో సీటు కోసం ఊళ్లో కుర్రకారంతా ఆయన చుట్టూ తిరిగారు. వంట నాది, నీళ్ల పూచీ నాది అని బేరం కుదుర్చుకుని సీటు నేను కొట్టేశాను. నా వంట మీద మా అమ్మకే నమ్మకం లేదని ఆయనకు చెప్పలేదు.

మాది బెల్లం అంగడి. మా నాయనకు ఈ ప్రయాణం ఎంతకీ అంతుపట్టలేదు.

"ఏమప్పా కుళ్ళాయప్పా, ఆడ ఏం దొరుకుతాదని పోతాండారు?"

"ఇసక, శెట్టిగారూ."

"ఇసకకు అంత దూరమా? మన పెన్నేట్లో లేదా?"

"ఉండాది. ఆడిది కొండలై లేస్తాది. చూసొస్తాం."

చూసి రావడానికి మాత్రమే పోయేవాళ్లు ఉంటారని మా నాయన అప్పుడే మొదటిసారి విన్నాడు.

సామాను సర్దడం ఆయనకొక పద్ధతి. అంగడి ముందు టార్పాలిన్ పరిచి, తీసుకుపోవాలనుకున్నవన్నీ దాని మీద పెట్టించాడు. ఒక్కొక్కటే చేత్తో ఎత్తి, "ఇది లేకుంటే సస్తామా?" అని అడిగేవాడు. చావకపోతే పక్కకు తీసేవాడు. నా దిండు పోయింది, అద్దం పోయింది. ఊరగాయ జాడీలు నాలుగు. నేను మూడుకు దిగాను. ఆయన ఒకటన్నాడు.

"రెండున్నర అన్నా!"

"అర జాడీ యాడుంటాదబ్బా?" అని పగలబడి నవ్వాడు.

నీళ్ల డబ్బాలు ఆరు. "అయిదు చాలవా?" అన్నాను. ఈసారి నవ్వలేదు.

"మనుషులతో ఆడుకో బేరం. ఇసకతో వద్దు."

అర్థమైనట్టు తలూపాను. కానీ మా వంశంలో సరుకు లేకుండా బండి కట్టినవాడు లేడు. నలుగురు తిరిగే ఊళ్ల మీదుగా పోతూ ఏమీ అమ్మకుండా రావడం నాకు పాపంలా తోచింది. అందుకని ఆరో డబ్బాలో చెనిక్కాయ నూనె, అదే వేరుశెనగ నూనె, నింపాను. ధర్మవరంలో అమ్మేసి, అక్కడే నీళ్లు పట్టుకోవచ్చని నా తెలివి.

బయలుదేరే పొద్దున కుళ్ళాయప్పన్న డబ్బాలు ఒక్కొక్కటీ ఎత్తి జీపులో పెట్టాడు. ఆరోది ఎత్తి ఆగాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఇది నీళ్లేనా?"

"నీళ్లే అన్నా. రవ్వంత వెలితేమో."

మూత తీసి వేలు ముంచి, మెల్లగా నా మీసానికి పూశాడు. వీధి వీధంతా నవ్వింది. మా నాయన మాత్రం తలకొట్టుకున్నాడు. నేను అబద్ధం ఆడినందుకు కాదు.

"నీళ్లకన్నా నూనె తేలికని తెలీనోడు రేపు అంగడేం నడుపుతాడురా!"

నా సీటు పోయిందనుకున్నాను. వెనక నిలబడిన ఇద్దరు అప్పుడే ముందుకు జరిగారు కూడా. కుళ్ళాయప్పన్న వాళ్లను చూడలేదు. కట్టిన తాళ్లన్నీ విప్పి సామానంతా మళ్లీ కింద పెట్టాడు.

"రేపు పోదాం. ఈసారీ నీళ్లు నువ్వే పట్టు, నువ్వే ఎక్కించు. నేను ఒగటి కూడా ఎత్తి చూడను."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు జవాబు చెప్పడం నాకు చేతనవును. ఆ పగలంతా ఆరు డబ్బాలనూ బూడిదతో తోమి, బావి నీళ్లు నింపి, ఒక్కొక్కటే అంగడి కాటాకు వేసి చూశాను. మరునాడు ఆయన నిజంగానే ఒక్కటి కూడా ముట్టుకోలేదు. జీపు ముక్కుకు తడి కాన్వాసు సంచి తగిలించి, ఈల వేస్తూ స్టీరింగు ముందు కూర్చున్నాడు.

పెనుకొండ రాళ్ల దారిలో జీపు మేకపిల్లలా ఎక్కింది. కణేకల్లులో ఇసుక దాన్ని మోకాళ్ల దాకా మింగింది. మిట్టమధ్యాహ్నం రేడియేటరు బుసలు కొట్టింది. చుట్టూ పసుపుపచ్చని దిబ్బలు తప్ప మనిషి జాడ లేదు. ఇంజను కాస్త చల్లారాక కుళ్ళాయప్పన్న చేతికి అందిన డబ్బాను లాక్కుని, వాసన కూడా చూడకుండా మూత తీసి రేడియేటరులో వంచేశాడు. ఇంజను బతకడమో పోవడమో ఆ ధారలోనే ఉంది. ఆయన దిబ్బల కేసి చూస్తున్నాడు. నేను ధారనే చూస్తూ నిలబడ్డాను. అవి నీళ్లని నాకు తెలుసు. అలా తెలిసి ఉండటంలో ఇంత గర్వం ఉంటుందని అంతకు ముందు ఏ లాభమూ నాకు చెప్పలేదు.

తరువాత ఎన్నో ఏళ్లు అంగడి నేనే నడిపాను. కాటా ముల్లు మీదికి వంగి చూసేవాళ్లతో హాయిగా బేరమాడాను, నాలుగు అబద్ధాలు కూడా ఆడాను. కాని నేను తూచేటప్పుడు అటు తిరిగి వీధి చూస్తూ నిలబడే మనిషి వస్తే మాత్రం నా చేయి తనంతట తానే ఇంకో బెల్లం ముక్క తీసి తట్టలో వేసేది.