నొప్పి లేకుండా గుంటూరుకి

మా అక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయి రెండేళ్ళయింది. గడ్డ నొప్పి పెట్టలేదు కాబట్టి అక్క ఎవరికీ చెప్పలేదు. నలభై దాటిన తోబుట్టువులు ఏటా మమోగ్రామ్ చేయించుకోవాలని డాక్టరు అప్పుడే చెప్పారు. నాకు నలభై ఆరు. దర్శిలో మూడో తరగతి పిల్లల మీద రోజంతా అరిచే ఓపిక ఉంది. రాయిలా ఉన్న మనిషి ఆస్పత్రికి ఎందుకు పోవాలో నాకు బోధపడలేదు. మా ఆయన మాత్రం క్యాలెండరులో మార్చి నెల రెండో శనివారం చూపించి, "వెళ్ళిరా. నీతో వాదించే ఓపిక నాకు లేదు" అన్నాడు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు చెమట వాసనతో నిలబడితే ఏం బాగుంటుందని, స్నానం చేసి మెడకీ చంకలకీ పౌడరు దట్టంగా పట్టించి, ఇస్త్రీ చీర కట్టాను. ఐదున్నరకి అద్దంకి బస్సెక్కి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. అద్దంకి బస్టాండులో రెండిడ్లీ తిని, ఏడింటికి గుంటూరు బస్సు పట్టుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది.

నా పక్కన ఒకావిడ ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది. పేరు మరియమ్మట, అద్దంకి పక్క ఊరు, కూలి పని. గుంటూరులో ఉన్న చెల్లెలికి కొత్త కారం ఇచ్చి సాయంత్రానికి తిరిగొస్తుందట. గతుకు వచ్చినప్పుడల్లా డబ్బా మూత కదలడం, మా వరుసంతా తుమ్మడం. నేను ఎక్కడికని అడిగితే చెప్పాను.

"నొప్పేమన్నా ఉందా టీచరమ్మా?"

"లేదు."

"నొప్పి లేకుండానే ఆస్పత్రికా? నొప్పి ఉన్నోళ్ళకే పని మానుకుని ఎల్లే తీరిక లేదు."

నాకూ అదే సందేహం. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మరియమ్మ డబ్బా మీద చెయ్యి వేసి నిద్రపోయింది.

తొమ్మిదిన్నరకి గుంటూరులో దిగి, ఆటోలో ఆస్పత్రికి చేరాను. అక్కడి నుంచి నాకేమైనా అర్థమైతే ఒట్టు. బాణం గుర్తు చూసుకుంటూ వెళితే ఎముకల డాక్టరు గది వచ్చింది. వెనక్కొచ్చి ఇంకో బాణం పట్టుకుంటే క్యాంటీన్. చివరికి స్కానింగ్ గది దొరికాక ఒక గౌను చేతికిచ్చారు. నేను వీపు వైపు తెరుచుకునేలా కట్టుకుని వస్తే, మిషను దగ్గరున్న అమ్మాయి నవ్వు ఆపుకుని, "ముందుకి తెరుచుకోవాలి ఆంటీ" అంది. రొమ్ముని రెండు పలకల మధ్య పెట్టి నొక్కింది. నొప్పి ఉంది, కాదనను. ఊపిరి బిగబట్టి ఐదు లెక్కపెట్టేలోగా వదిలేసింది. రెండు వైపులా అయ్యాక ఫోటోలు చూసి, "కాసేపు కూర్చోండి" అని వెళ్ళిపోయింది.

ఎందుకు కూర్చోమంది? అందరినీ అలాగే కూర్చోమంటారా? నా తర్వాత వచ్చినావిడ చీర కట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. అక్క గుర్తొచ్చింది. నాకూ అదే వచ్చిందని తేల్చేసుకున్నాను. మా ఆయనకి ఫోన్ చేయాలో వద్దో తేలలేదు.

లేడీ డాక్టరు వచ్చి, "ఇవాళ పౌడర్ రాసుకున్నారామ్మా?" అని అడిగారు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు ఈ ప్రశ్నేంటని నాకు ఒళ్ళు మండింది. "రాసుకున్నానండీ. శుభ్రంగా రావడం తప్పా?" అన్నాను.

"తప్పు కాదు. పౌడరు ఫోటోలో తెల్ల చుక్కల్లా పడుతుంది. జబ్బు మొదట్లో కూడా కొందరికి అలాంటి చుక్కలే కనపడతాయి. కడుక్కుని రండి, మళ్ళీ తీద్దాం."

బాత్రూములో చంకలు తోముకుంటూ ఏడ్చాను. మళ్ళీ పలకలు, మళ్ళీ ఊపిరి బిగబట్టడం, మళ్ళీ బెంచీ. ఈసారి డాక్టరే పిలిచి, చుక్కలు పోయాయని, ఏమీ లేదని చెప్పారు. వచ్చే ఏడాది మళ్ళీ రమ్మన్నారు.

"ఏమీ లేకపోతే మళ్ళీ ఎందుకండీ?"

"చేతికి తగలకముందే మాకు కనపడాలి. అందుకు."

భోజనం మెస్సులో కానిచ్చాను. పప్పులో ఉప్పు ఎక్కువైనా రెండుసార్లు వడ్డించుకున్నాను.

నాలుగింటి బస్సులో మళ్ళీ మరియమ్మ పక్కనే చోటు దొరికింది. డబ్బా ఖాళీ, తుమ్ముల బాధ లేదు. నా పౌడరు సంగతి చెప్తే ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఏ ఆటో ఎక్కాలి, లోపల ఆడవాళ్ళే ఉంటారా, గౌను ఎటు తెరుచుకోవాలి, పలకలు ఎంతసేపు నొక్కుతాయి, అన్నీ ఒక్కొక్కటే అడిగింది. కాశీకి పోయొచ్చినదానిలా గొప్పగా చెప్పాను. పొద్దున అంత తీసిపారేసిన మనిషికి ఇప్పుడీ ఆరా ఎందుకో మాత్రం నాకు అంతుపట్టలేదు.

అద్దంకిలో ఇద్దరం దిగాం. దర్శి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మరియమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది.

"రేపు ఆదివారం, చర్చి. సోమారం పొద్దున పౌడరు రాసుకోకుండా వస్తే చాలు, అంతేగా టీచరమ్మా?"

"ఎవరు రావడం?"

"పత్తి తీతలప్పటి నుంచి చేతికి తగులుతోంది. నొప్పేం లేదు." అదేదో తప్పులా తల దించుకుంది. "అందుకే ఎవరికీ చెప్పలా."

ఆ రోజు మొత్తంలో నాకు తికమక లేకుండా అర్థమైన మాట అదొక్కటే. దర్శి బస్సు కండక్టరు రైట్ అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు.

"బడికి సెలవు పెట్టి సోమవారం ఏడింటి బస్సుకి ఇక్కడే ఉంటాను, అక్కా," అన్నాను. "కారం డబ్బా మాత్రం తేకు."