ముడి పడని చేతులు

మల్సుక్ పేరెత్తితే మా దేగు ఊరి బజారులో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వే నోళ్ళు పడిపోను! దాని గుండెకోత ఎవడికి తెలుసు?

నా నూడుల్స్ కొట్టుకి ఎదురుగా కూ అనే ముసలమ్మ దుకాణం. అక్కడ మల్సుక్ పోయినవాళ్ళకు తొడిగే నారబట్టలు కుట్టేది. ఆ కుట్టులో దారానికి ముడి వెయ్యకూడదు. ముడి ఉంటే పోయే ప్రాణానికి అడ్డం పడుతుందని మా భయం. దారం కొస అలాగే వదిలేస్తారు. పడుచుతనం నుంచీ అదే పని చేసింది పిచ్చిది.

మనసు మాత్రం నాటకాల బట్టల మీద. పాత క్యాలెండరు కాగితాల వెనక రాణులకీ పెళ్ళికూతుళ్ళకీ దుస్తులు గీసి తెచ్చేది. "ఇంట్లో పెడితే మా ఆయన చించేస్తాడక్కా" అంటే నా కొట్టు గోడకి అంటించాను.

ఒకరోజు నాటక కంపెనీ నడిపే బాంగ్ గారు నూడుల్స్ తింటూ గోడ చూసి, తినడం ఆపేశాడు.

"ఎవరు గీశారండీ ఇవి?"

"అదిగో, ఎదురుగా శవాల బట్టలు కుట్టే మహాతల్లి."

పెళ్ళికూతురి దుస్తులు చేతికుట్టుతో కుట్టి ఇమ్మన్నాడు. బాగా కుదిరితే ఇకమీదట కంపెనీ దుస్తులన్నీ దానివేనన్నాడు. ఆ రోజు మల్సుక్ నా ముల్లంగి కిమ్చి గిన్నెడు ఖాళీ చేసింది. "అక్కా, ఇంక బతికున్నవాళ్ళకే కుడతాను" అంది. నాకూ ఏడుపొచ్చింది.

ఎర్ర పట్టు, వెడల్పు చేతులు, అంచున పియోనీ పూలు. పెళ్ళికూతురి వేషం కట్టే అమ్మాయి కొలత చూడ్డానికి వేసుకుని, అద్దం ముందు నుంచి కదలనంది.

నాటకం రోజు నేను కొట్టు మూసి మరీ వెళ్ళాను. పెళ్ళికూతురు నాట్యం మొదలెట్టి రెండు చేతులూ పైకెత్తింది. దుస్తుల కుడి చెయ్యి భుజం దగ్గర కుట్టు ఊడి జారింది. ఇంకో తిప్పు తిరిగేసరికి ఎడమదీ. హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయి ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది.

బాంగ్ గారు ఊడిన చెయ్యి తిరగేసి చూశాడు. దారం కొసకి ఎక్కడా ముడి లేదు.

"ఏంటమ్మా ఇది? బతికున్న పిల్లకి శవం బట్ట కుట్టావా?"

"తెలీకుండా అయిపోయిందండీ. చేతులు వాటంతటవే..." అని మల్సుక్ చేతులు చూసుకుంది. ఆయన ఇంకేం వినలేదు. వేరే ఊరి దర్జీని పిలిపించుకున్నాడు.

కూ ముసలమ్మ మళ్ళీ పనిలో పెట్టుకుంది. "పోన్లేవే, మన దగ్గర వేసుకున్నవాళ్ళు చేతులెత్తి ఆడరుగా" అంది. ఓదార్పనే అనుకుంది కాబోలు. నాకు ఒళ్ళు మండింది.

"ఒసే, ఈసారి చూసుకుని కుట్టు. నా ఏప్రను నాడా తెగింది. ముడి వేసి మరీ ఇవ్వు, నీ సంగతేంటో చూస్తా" అన్నాను. కావాలనే అన్నాను. దానికి ధైర్యం రావాలని.

నా ఎదుటే కూచుని, పెదాలు బిగపట్టి కుట్టింది. "వేశానక్కా. ఈసారి మర్చిపోలేదు" అని నవ్వింది. ఎన్నాళ్ళకో చూశాను ఆ నవ్వు.

మర్నాడు పొద్దున ఏప్రను కట్టుకుని నాడా లాగాను. చేతిలోకి వచ్చేసింది. దారం కొస చూస్తే నున్నగా ఉంది. దేవుడా! గబగబా పిన్నీసు పెట్టి, పైన స్వెట్టరు లాక్కున్నాను.

మధ్యాహ్నం మల్సుక్ తినడానికొచ్చింది. పొయ్యి సెగకి ఆ సంగతి మరిచి నేను స్వెట్టరు విప్పేశాను. దాని చూపు నా నడుం దగ్గరి పిన్నీసు మీద ఆగింది. గిన్నెలో రసం కూడా మిగల్చకుండా తాగింది. లేచి గోడ మీది బొమ్మలు ఒక్కొక్కటీ ఊడదీసి నా పొయ్యిలో పెట్టింది.

"ఆగవే!" అని చెయ్యి పట్టుకున్నాను.

"వదులక్కా, ముసలమ్మ పిలుస్తోంది. పొద్దున ఎవరో పోయారట."