ఆండాళు పెంచిన ఊటీ పువ్వు

మా చిన్నమ్మ ఆండాళు కొల్లాపూర్‌లో నేతవాళ్ల ఇంట పుట్టింది. మా తాత సిద్దయ్య చీరలు నేయడమే కాదు, నూలుకు రంగులు కూడా తనే వేసుకునేవాడు. పెళ్లయ్యేదాకా చిన్నమ్మ చేతులు ఏదో ఒక రంగులో మునిగే ఉండేవి. ఆమె భర్త గండయ్య చిన్నాయన కూడా నేతగాడే. కృష్ణ మీద ఆనకట్ట పని మొదలయ్యాక ఆయన మగ్గాన్ని అన్నకు వదిలేసి, నందికొండలో ప్రాజెక్టు స్టోరులో నౌకరీకి కుదిరాడు. కింది వరస క్వార్టర్లలో రెండు గదుల ఇల్లిచ్చారు. వెనక వరండా, దాని ముందు చారెడు జాగా. ఆ జాగాలో మట్టి కంటే రాయి ఎక్కువ.

అరవై ఒకటిలో ఎండలు ముదరకముందు, పై వరసలో ఉండే ఒక ఇంజనీరుగారికి బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కుతుంటే ఆయన భార్య ఒక కుండీ పట్టుకుని చిన్నమ్మ దగ్గరికి వచ్చింది.

"ఊటీ నుంచి తెచ్చుకున్న మొక్కమ్మా. హైడ్రాంజియా అంటారు. గులాబీ రంగు గుత్తులు పూస్తుంది. లారీలో వేస్తే దారిలోనే చచ్చిపోతుంది. నువ్వు చూసుకుంటావా?"

చిన్నమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. ఊటీ చెట్టు అంది. తర్వాత కాలనీ అంతా అదే పేరయింది.

నందికొండ ఎండంటే మామూలు ఎండ కాదు. పగలంతా కాగిన బండలు పొద్దుగూకినా సెగ వదలవు. మధ్యాహ్నం అయ్యేసరికి ఊటీ చెట్టు ఆకులన్నీ వాలిపోయేవి. దాహంతో ఉందనుకుని చిన్నమ్మ చెంబెడు నీళ్లు పోసేది. మళ్లీ వాలితే మళ్లీ పోసేది. కొన్నాళ్లకు కింది ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. కుండీ దగ్గర ముక్కు పెడితే కుళ్లు వాసన. మొక్కను పెళ్లగించి చూస్తే వేళ్లు సగం నల్లబడి మెత్తగా ఉన్నాయి.

కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటింది. ఆ తర్వాత తొందరపడకుండా కూర్చుని గమనించింది. మధ్యాహ్నం వాలిన ఆకు, సాయంత్రం నీళ్లు పోయకుండానే లేచి నిలబడింది. అది దాహం కాదు, ఎండకు సొమ్మసిల్లడం. ఇక వేలు మట్టిలోకి గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే నీళ్లు పోసింది. కుండీని పొద్దుటి ఎండ మాత్రమే తగిలే వరండా మూలకు జరిపి, ముందు తడి గోనెసంచి వేలాడదీసింది.

మొక్క నిలిచింది కానీ కొత్త చిక్కు వచ్చింది. లేత ఆకులు పసుపు రంగులో పుడుతున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగా, పసుపు బట్ట మీద పచ్చ దారం కుట్టినట్టు ఉన్నాయి. పాలు పోయడానికి వచ్చే బీరమ్మ అది చూసింది. వాళ్లకు గుట్ట కింద గొర్ల మంద ఉంది.

"బలం లేక గట్లయితాంది అక్కా. రేపు గొర్రె ఎరువు తెస్త, ఫికర్ జెయ్యకు" అంది.

తెచ్చింది. ఇద్దరూ కలిసి కుండీలో దండిగా వేశారు. వారం తిరక్కుండా ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి.

బీరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "పచ్చి ఎరువాయె. నాకన్న తెల్వద్దా?"

"నీతోపాటు నేను గూడ ఏసిన కద. పా, తీసేద్దాం" అంది చిన్నమ్మ.

ఎరువంతా గీకి తీస్తుంటే కుండీ అంచు చుట్టూ తెల్లటి పొర చేతికి తగిలింది. చిన్నమ్మ గోటితో గీకి చూసింది. సున్నంలా పొడి రాలింది. ఆ పొర ఆమెకు కొత్త కాదు. కొల్లాపూర్‌లో ఇంటి వెనక బావి నీళ్లతో నూలు ఉడికిస్తే కాగు అంచుకు ఇలాగే పట్టేది. ఆ నీళ్లలో రంగు సరిగా ఎక్కదని తాత వాననీళ్లు పట్టి ఉంచేవాడు. రంగు నిలవడానికి పటిక వేసేవాడు. నల్లరంగు కావాలంటే ఇనుప తునకలు నానబెట్టేవాడు. క్వార్టర్ల బావి నీళ్లు కూడా ఆ సున్నపు నీళ్లేనని ఆమెకు అప్పుడు తట్టింది. నూలుకు పడని నీళ్లు ఆకుకు మాత్రం ఎందుకు పడతాయి అనుకుంది.

అది సరైన ఆలోచనో కాదో చెప్పేవాళ్లు లేరు. ఆ వానాకాలం చూరు కింద డ్రమ్ము పెట్టి వాననీళ్లు పట్టింది. బీరమ్మ మందతో అడవి అంచుకు పోయినప్పుడల్లా చెట్ల కింద మురిగిన ఆకుమట్టి గోనెలో తెచ్చింది. పటికను చిన్నమ్మ మొదట వేరే కుండీలో నాటగా మొలిచిన ఒక కొమ్మ మీదే పరీక్షించింది. మోతాదు ఎక్కువై ఆ కొమ్మ చచ్చింది. తర్వాత బిందెడు నీళ్లకు చిటికెడే వేసింది. తుప్పుపట్టిన మేకులు నానిన నీళ్లు బాగా పలచన చేసి అప్పుడప్పుడు పోసింది. శీతాకాలం వచ్చేసరికి కొత్త చిగురు ముదురు పచ్చగా, చేత్తో తడిమితే దళసరిగా వచ్చింది. ఆకుల మీద బూడిదలాంటి తెల్ల మచ్చలు కనిపిస్తే ఆ ఆకులు తుంచి పారేసి, గాలి ఆడేలా కుండీని గోడకు దూరంగా జరిపింది.

పువ్వు మాత్రం రాలేదు. గుబురుగా వస్తుందని చలికాలంలో కొమ్మలన్నీ కత్తిరించడం వల్ల ఒక ఏడాది పోయింది. పాత కొమ్మ కొసనే మొగ్గ కడుతుందని మరుసటేడు ఒక్క కొమ్మను మరిచి వదిలేసినప్పుడు తెలిసింది. ఆ కొమ్మ చివర పిడికెడు గుత్తి విప్పుకుంది. గులాబీ రంగు కాదు, నీలం.

అదే నెలలో తాత కూతుర్ని చూడటానికి వచ్చాడు. గండయ్య మగ్గం వదిలాడన్న కోపం ఆయనకు ఇంకా తీరలేదు. వరండాలో చెప్పులు విడుస్తూ ఆ పువ్వు ముందు ఆగిపోయాడు.

"ఏం రంగేసినవు బిడ్డా?"

"రంగెయ్యలే నాయినా. నీళ్లు మార్చిన. పటిక ఏసిన, ఇనుప నీళ్లు పోసిన."

తాత వంగి, ఒక్కొక్క రేకనూ నూలు చూసినట్టు చూశాడు. "నా కాగుల గీ నీలం ఎన్నడు రాలే" అన్నాడు. ఆ పూట అల్లుడితో కలిసి కూర్చుని అన్నం తిన్నాడు.

మరో రెండేళ్లకు కుండీలు ఎక్కువయ్యాయి, గుత్తులు పెద్దవయ్యాయి. గుట్ట మీది క్లబ్బులో పూలపోటీ పెట్టారు. ఒక సాయంత్రం చిన్నాయన తలుపు దగ్గరే నిలబడి నసిగాడు.

"మా సారు ఊటీ చెట్టు అడిగిండు. పోటీల ఆళ్ల బల్ల మీద పెట్టుకుంటరంట. ఇస్తనన్న."

"చెట్టు తీస్కపోనియ్యి. పేరు మాత్రం నాది రాయాలె."

"సారుతోని గట్లంటమా? నౌకరీ చేసేటోణ్ణి."

"నువ్వనకు. నేనంట."

మరునాడు ఉతికిన చీర కట్టుకుని స్టోరు అధికారి ఇంటికి వెళ్లింది. ఆయన భార్య లీలమ్మ గుమ్మంలోకి వచ్చింది. చిన్నమ్మ కూర్చోకుండానే చెప్పింది. "అమ్మా, నాలుగేండ్లు పిల్ల లెక్క సాకిన. ఇయ్యనని కాదు. కాని అది నా చెట్టని నలుగురికి తెల్వాలె."

లీలమ్మ ఒకసారి ఇంట్లోకి తిరిగి చూసింది. తర్వాత, "ఆయన అడిగిన సంగతి నాకు తెలియదు, ఆండాళూ. నీ మొక్కను నువ్వే తీసుకురా. నీకు బల్ల నేను వేయిస్తాను" అంది.

చిన్నమ్మా బీరమ్మా కలిసి కుండీని తలగుడ్డ మీద పెట్టుకుని, మార్చి మార్చి మోస్తూ గుట్టెక్కారు. కుండీ ముందు అట్టముక్క మీద "ఆండాళు, స్టోరు గండయ్య భార్య" అని రాసి పెట్టారు. మొదటి బహుమతి ఎవరివో డేలియాలకు పోయింది. చిన్నమ్మది రెండోది. "డేలియాలు ఎవలైన పెంచుతరు" అని ఆమె దారిపొడవునా గొణిగిందట. కానీ ఆ అట్టముక్కను చిన్నాయనే జేబులో పెట్టుకుని స్టోరులో అందరికీ చూపించాడు.

ఆ తర్వాత కాలనీలో ఎవరింట మొక్క జబ్బుపడినా ఆకు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవారు. లీలమ్మ కూడా వచ్చేది. చిన్నమ్మ ఆకు చూడకముందే, నీళ్లు ఏడివి, ఎండ ఏ దిక్కుకెళ్లి పడుతుంది అని అడిగేది. ఊటీ చెట్టు కొమ్మలు నాటి పిలకలు పంచింది.

బీరమ్మ తన పిలకను గుట్ట కింద గొర్ల దొడ్డి నీడలో పెట్టుకుంది. పటికా లేదు, మేకులూ లేవు. చివికిన ఎరువు, బావి నీళ్లు, ఆమె కంటి చూపు, అంతే. ఒకరోజు పాలచెంబు అక్కడే దించి, చిన్నమ్మను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. దొడ్డి పక్కన అరచేయంత గుత్తి, గులాబీ రంగులో.

"నీది నీలమాయె. నాది గిట్లొచ్చింది. తప్పు జేసిన్నా అక్కా?"

చిన్నమ్మ ఆకులు తిప్పి చూసింది. అక్కడక్కడ కొంచెం పసుపుంది కానీ, మొక్క బలంగానే ఉంది.

"తప్పేం లేదు. నీ నీళ్లకు నీ రంగొచ్చింది. ఎవలడిగినా బీరమ్మ పువ్వని చెప్పు" అంది.