పురుగుల్ని చూడకముందు రాసింది

పట్టుపురుగులు పెంచేవాళ్లు గూళ్లు చేతికొచ్చేదాకా పంట మాట ఎత్తరు. ముందే పైకి అంటే దిష్టి తగులుతుందని వాళ్ల భయం. నా చదువు దీనికి సరిగ్గా ఎదురు. కుప్పంలో పరిశోధన చేస్తున్నప్పుడు, ఒక్క పురుగును కూడా చూడకముందే ఏం కొలుస్తానో, ఏం జరుగుతుందనుకుంటున్నానో రాసి ఆన్‌లైన్‌లో నమోదు చేయాలని మా గైడ్ పట్టుబట్టారు. ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు. ఫలితం చూశాక ‘నేను ముందే అనుకున్నా’ అని కోతలు కోయకుండా ఉండటానికట. సరేనని రాశాను: పురుగుల రోగానికి మేం పరీక్షిస్తున్న కొత్త పొడి చల్లిన షెడ్లలో అది తగ్గుతుంది, మామూలుగా పెంచేవాటిలో ఎక్కువగా ఉంటుంది.

ఏ షెడ్డుకు పొడి ఇవ్వాలో చీటీలు తీసి తేల్చాం. పుంగనూరు దగ్గర ఒకామె షెడ్డుకు పొడి రాలేదు. అంటే నేను రోగం రాసిపెట్టింది ఆమె పురుగులకే. ఆ సంగతి ఆమెకు చెప్పకూడదు, చెబితే పెంపకం తీరు మారిపోతుంది.

ఎవరు చెప్పారో, ఒకరోజు ఆమే అడిగింది.

“అంతా ముందే రాసేసినావంట గదా. మా పురుగులకు ఏమి రాసినావప్పా?”

చెప్పకూడదమ్మా అన్నాను. అప్పటినుంచి ఆమె నన్ను షెడ్డులోకి రానివ్వలేదు, కొలతలన్నీ తనే తీసి గుమ్మం దగ్గరికే తెచ్చి ఇచ్చేది.

దిష్టీ గిష్టీ నేను నమ్మను. అయినా ఫోన్ మోగితే చాలు, ఆమేనేమోనని చూసేవాడిని. మదనపల్లె బస్సులో కూర్చుని, నేను రాసింది తప్పు కావాలని దేవుడికి మొక్కుకున్నాను. పరిశోధన చేసేవాడు మొక్కకూడని మొక్కు అది.

పురుగులు గూడు కట్టబోయే వారంలో ఆమె రమ్మని ఫోన్ చేసింది. వెళ్లేసరికి తట్టల నిండా పురుగులు ఉబ్బిపోయి ఉన్నాయి, ముట్టుకుంటే పాలలాంటి నీరు కారుతోంది. ఈసారి మదనపల్లె గూళ్ల మార్కెట్టుకు ఆమె పట్టుకెళ్లడానికి ఏమీ లేదు. అక్కడినుంచే గైడ్‌కు ఫోన్‌ చేసి చెప్పాను. మిగతా షెడ్లూ నువ్వు రాసినట్టే వస్తున్నాయి, శభాష్ అన్నారాయన. ఆ మాట ఆమెకు వినబడిందేమోనని ఫోన్ చెవికి అదుముకున్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చచ్చిన పురుగుల్ని గోనెసంచిలోకి ఎత్తుతూ, నా వైపు చూడకుండానే అంది.

“ఇంగోసారి రాసేటప్పుడు మా పురుగులు బాగుంటాయని రాయప్పా.”