వెళ్ళొస్తాను

రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళే బస్సులో, నగరం అనే ఊళ్ళో ఎక్కి నా పక్కన కూర్చుంది ఆ అమ్మాయి. ఒళ్ళో పొలం మట్టి నింపిన ప్లాస్టిక్ సంచులు. వియత్నాం నుంచి వచ్చిందట. ఉప్పునీటిని తట్టుకునే వరి మీద రెండు దేశాలూ కలిసి పరిశోధన చేస్తున్నాయట. ఇక్కడివాళ్ళు అక్కడికీ, అక్కడివాళ్ళు ఇక్కడికీ వెళ్ళి కొన్నాళ్ళు పనిచేస్తారట. తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతోంది.

“ఒకటి అడగనా అండి? మీ బాపట్ల సార్ ఒకరు మా ల్యాబ్‌లో ఆరు నెలలు ఉన్నారండి. బయల్దేరేటప్పుడు అందరికీ ఇంగ్లీషులో ‘వెళ్ళి వస్తాను’ అన్నారు. మేం ఆయన కుర్చీ, టీ కప్పు అలాగే ఉంచామండి. ఎప్పుడొస్తారు అని ఇక్కడివాళ్ళని అడిగితే నవ్వుతున్నారు. రారా అండి?”

“అది ఊరికే అనే మాటమ్మా.”

“అబద్ధమా అండి?”

“అబద్ధమేంటి? వెళ్తున్నాను అంటే ఇక రానట్టు. అందుకని వెళ్ళొస్తాను అంటాం.”

“మరి వస్తారా?”

మాటలు వచ్చినప్పటి నుంచీ అంటున్న మాటే. “ఒక్కోసారి వస్తాం,” అన్నాను. నా జవాబు నాకే నచ్చలేదు.

ఆమె బుద్ధిగా తలూపింది. బాపట్లలో దిగుతూ నావైపు తిరిగి, ఒక్కో అక్షరం జాగ్రత్తగా పలికింది.

“రేపు మా దేశం పోతానండి. మళ్ళీ రాను. వెళ్తున్నాను.”

అలా అనకూడదమ్మా అనబోయాను. ఎందుకని అడిగితే?

ఆ కప్పు అక్కడే ఉందో, తీసేశారో.