అక్క పేర్చిన ఎనిమిది తీగలు

మొన్న మెదక్‌లో, నేను పాతికేళ్ళు కంప్యూటర్లు నేర్పిన బడికి వెళితే, గోడల వెంట ఉన్న పాత నెట్‌వర్క్ కేబుళ్ళన్నీ ఊడదీసి వరండాలో కుప్ప పోసి ఉన్నాయి. వాటిని చూడగానే, మీలో నా వయసువాళ్ళకూ గుర్తుండే ఉంటుంది, కేబుల్ లేనిదే ఇంటర్నెట్ రాని ఆ రోజులూ, మా అక్కా బావా కళ్ళ ముందు మెదిలారు.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే బడికి కొత్త ల్యాబు వచ్చింది. ఇరవై కంప్యూటర్లకు కేబుళ్ళు వేసే పని, రామాయంపేటలో అదే వృత్తిగా బతుకుతున్న మా బావకు నేనే పట్టుబట్టి ఇప్పించాను. తెల్లవారితే ప్రారంభోత్సవమనగా, మధ్యాహ్నమైనా సగం కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో పలకడం లేదు. ఒక్కో కేబుల్‌లో రంగుకొక జంట చొప్పున నాలుగు రంగుల్లో ఎనిమిది సన్నని తీగలుంటాయి. రెండు చివర్లా అవి ఒకే వరుసలో కనెక్టర్‌లో కూర్చోవాలి. బావ కోసి బిగించిందే మళ్ళీ కోసి బిగిస్తుంటే, మాట ఇచ్చిన నాకు చెమటలు పట్టాయి.

అప్పుడే అన్నం డబ్బా తెచ్చిన అక్క, బల్ల మీది పొట్టి కేబుల్ రెండు చివర్లూ పక్కపక్కన పెట్టి చూసి, ఇక్కడ ఆకుపచ్చ తీగ ఉంటే అక్కడ గోధుమరంగుది ఎందుకుందని అడిగింది.

“నాకు ఆ రెండూ ఒక్క తీరే కనిపిస్తయి. ఒకటో రెండో కేబుళ్ళయితే మల్ల మల్ల బిగించి ఎల్లదీస్త. చెప్తే పనెవరిస్తరు బామ్మర్ది?” అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

అక్క కొంగు బిగించి ఆయన పక్కన కూర్చుంది.

“గిదానికి పరేషాన్ ఎందుకు? రంగులు నేను పేరుస్త, మీరు నొక్కుండ్రి.”

బావ వరుస ఒక్కసారి చెప్పాడు. ఆకుపచ్చ జంట కలిసి ఉండదు, మధ్యలో నీలం జంట దూరుతుంది. కొత్తవాళ్ళంతా అక్కడే పొరబడతారు. బీడీలు చుట్టి ఆరితేరిన అక్క వేళ్ళు ఒక్కసారీ పొరబడలేదు. ఆమె తీగలను చదును చేసి, సమంగా కత్తిరించి అందిస్తే, బావ వాటిని కనెక్టర్ చివరిదాకా తోసి టక్కున నొక్కేవాడు. పొద్దు గూకేలోపే ఇరవై కంప్యూటర్లూ పలికాయి.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి తూప్రాన్, చేగుంట, ఎక్కడ పని పడినా ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్ళేవారు. అక్కను చేతిసాయానికి వచ్చిన మనిషనుకున్న వాళ్ళతో బావ, “గామెనే మేస్త్రి, నేను కాదు” అని నవ్వుతూ చెప్పేవాడు. తన లోపాన్ని అంత కాలం దాచుకున్న మనిషి నలుగురిలో ఆ మాట అనగలగడం నాకు ఇప్పటికీ గొప్పగానే తోస్తుంది.

ఇప్పుడు వైఫై వచ్చి కేబుళ్ళ పని తగ్గింది. బావ ఇన్వర్టర్ల దుకాణం పెట్టుకున్నాడు, అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇద్దరూ బాగానే ఉన్నారు. అయినా ఎనిమిది తీగల మీదికి కలిసి వంగిన ఆ రెండు తలలు గుర్తొస్తే, ఇంత సులువైన ఈ కాలంలోనూ నాకెందుకో కొంచెం వెలితిగా ఉంటుంది.